గుండ్రని అంకె వేయని మావయ్య

మావయ్య జీవితంలో ఏ పనీ గంట కొట్టినప్పుడు మొదలు కాలేదు. ఆయన నిద్ర లేచేది అయిదూ ఇరవై మూడుకి. పళ్లు తోముకునేది అయిదూ ఇరవై ఆరుకి. ఆ మధ్య మూడు నిమిషాలు ఏం చేస్తావని అడిగితే "లేచానో లేదో చూసుకుంటా" అంటాడు. పావు, అర, ముప్పావు లాంటి మర్యాదస్తుల లెక్కలంటే ఆయనకి ఒళ్లుమంట. బస్ డిపోలో టైమ్ కీపరుగా ముప్ఫై ఒక్క ఏళ్లు పనిచేశాడు. ముప్ఫై దగ్గరే ఆగిపోవచ్చు. కానీ అది గుండ్రని అంకె.

బంధువుల్లో ఈ జబ్బుకి ఎక్కువ బలైంది మేనకోడలు. ఆమె కాలేజీలో ఫిజిక్స్ చెబుతుంది కాబట్టి, అర్థం లేని అంకె కనిపిస్తే పంటికింద రాయి తగిలినట్టు ఉంటుంది. ఖాళీగా ఉన్న ఆదివారం పొద్దున్నే ఆయన ఫోన్ చేసేవాడు.

"భోజనానికి రా. పన్నెండూ నలభై ఒకటికి."

"ఒంటిగంటకి రానా?"

"ఒంటిగంటకి అంటే ఒకటిన్నరకి వస్తావు. నలభై ఒకటికి అంటే భయపడి నలభైకే వస్తావు."

ఒకసారి ఆమె పన్నెండున్నరకే వెళ్లింది. మావయ్య అప్పటికే గేటు బయట చేతులు వెనక్కి కట్టుకుని, రోడ్డుని ఎవరో ఎత్తుకుపోతారన్నట్టు కాపలా కాస్తున్నాడు. లోపలికి పోనివ్వలేదు.

"ఇంకా పదకొండు నిమిషాలుంది."

"ఎండలో నిలబెడతావా మావయ్యా?"

"నీడలో నిలబడు. అంత గోడ ఉంది కదా."

ఇంట్లో గిన్నెల చప్పుడు వినిపిస్తోంది. ఆదివారం వంట మావయ్యదే. ఆయన చేతి కూర తినాలంటే అదృష్టముండాలని చుట్టాల్లో పెద్ద పేరు. ఆ పేరు నిలబడాలంటే చుట్టాలు ముందు గేటు దగ్గర నిలబడాలి. అది ఆ ఇంటి పద్ధతి.

ఇలాంటి మనిషిని తీసుకెళ్లి కార్ల పందేల క్లబ్బువాళ్లు టైమ్‌టేబుల్ అప్పగించారు.

ఆ క్లబ్బు గురించి రెండు ముక్కలు చెప్పాలి. ఎప్పుడో విమానాలు దిగడం మానేసిన మైదానం ఒకటి ఉంది. పళ్ల డాక్టర్లు, ఇన్సూరెన్స్ ఏజెంట్లు, ఫర్నిచర్ షాపులవాళ్లు, అంతా కలిపి ఓ ముప్ఫై మంది, నెలకోసారి ఇల్లూ వాకిలీ వదిలి అక్కడ చేరతారు. ఎక్కడ బయల్దేరారో మళ్లీ అక్కడికే చేరడానికి ప్రాణాలకు తెగించి తొందరపడతారు. చేరాక, ఆ తొందరలో సెకనులో పదో వంతు ఎక్కడ పోయిందో సాయంత్రం దాకా వాదించుకుంటారు. అదే సెకన్లు ఇంటి దగ్గర గ్యాస్ సిలిండర్ మార్చడానికి వాళ్లెప్పుడూ ఖర్చు పెట్టిన దాఖలా లేదు. దీన్నంతటినీ వాళ్లు క్రీడ అంటారు. వాళ్ల అధ్యక్షుడైతే క్రీడాస్ఫూర్తి అంటాడు.

అధ్యక్షుడిది ఫర్నిచర్ షాపు. ఆయన ఏ మాట మొదలుపెట్టినా క్రీడాస్ఫూర్తి దగ్గరే తేలుతుంది. క్లబ్బు గదిలో కుర్చీ కాలు విరిగి కోశాధికారి కింద పడితే, పడ్డవాణ్ణి లేపకుండా, లేచే శక్తి క్రీడాస్ఫూర్తిలోనే ఉందని చెప్పిన మనిషి. ఆ కుర్చీ ఆయన షాపుదే.

పందేల పద్ధతి తేలికే. శనివారం ప్రాక్టీసు. ఆదివారం పొద్దున్న క్వాలిఫైయింగ్, అంటే ఎవరు ముందు వరుసలో నిలబడాలో, ఎవరు వెనక దుమ్ము తినాలో తేల్చుకునే చుట్లు. మధ్యాహ్నం నుంచి పందేలు. సరిగ్గా అయిదింటికి మైదానం కాపలాదారు గేటుకు తాళం వేస్తాడు. లోపల ఎవరున్నా, ఎన్నో చుట్టులో ఉన్నా ఆయనకి అనవసరం. ఆ ఆవరణలో గుండ్రని అంకెని గౌరవించే మనిషి ఆయనొక్కడే.

ఇంత తేలికైన పనిని మావయ్య ఏం చేసిపెట్టాడో నోటీసు బోర్డు మీద నీలం పెన్సిల్‌తో రాసి ఉండేది. చిన్న కార్ల క్వాలిఫైయింగ్, తొమ్మిదీ ఏడు. జెండాల తనిఖీ, రెండూ ఏడు. పెద్ద ఇంజన్ల పందెం, రెండూ పదమూడు. పాత కార్ల పందెం, నాలుగూ రెండు. ట్రాక్ పరిశీలన, నాలుగూ ఇరవై నాలుగు. కొత్తవాళ్ల పందెం, నాలుగూ నలభై ఒకటి. కింద పెద్ద అక్షరాలతో 'సవరణ 3'. మొదటి రెండు సవరణలూ ఎవరూ చూసి ఎరగరు.

జెండాల తనిఖీ అంటే ఆరు నిమిషాలు. మావయ్య ప్లాస్టిక్ కుర్చీ ఎక్కి విజిల్ ఊదుతాడు. ట్రాక్ ఆ చివర జెండాలు పట్టే పళ్ల డాక్టరు పసుపుదీ ఎర్రదీ నీలందీ ఒక్కొక్కటే ఊపుతాడు. జనమంతా అటు తిరిగి చూడాలి. చూడనివాళ్లని మావయ్య వేలు పెట్టి చూపించి మరీ తిప్పుతాడు. ట్రాక్ పరిశీలన ఇంకా గొప్పది. ఆయన తన పాత కారులో పదిహేడు నిమిషాలపాటు ఒంటెద్దు బండిలా ట్రాక్ చుట్టూ తిరిగి వస్తాడు.

"ట్రాక్ మీద ఏముంది మావయ్యా చూడ్డానికి?" అని మేనకోడలు ఒకసారి అడిగింది.

"ఏమీ లేదు."

"మరి?"

"లేదని తేలాలి కదా."

ఆమె ఒళ్లు మండటానికి సొంత కారణం ఉంది. ఆమె ఆ ఏడాదే కారు కొనుక్కుని కొత్తవాళ్ల తరగతిలో చేరింది. నాలుగూ నలభై ఒకటికి మొదలయ్యే పందెం అయిదింటికి తాళం పడే మైదానంలో పది చుట్లు ఎలా పూర్తవుతుంది? కాదు. ఆరు చుట్లకి కుదించేవారు. ఒకసారి నాలుగు. రెండుసార్లు అసలు లేదు. హెల్మెట్ పెట్టుకుని, తాళం వేస్తున్న కాపలాదారుకి దండం పెట్టి ఇంటికి పోవడమే.

అందుకే క్లబ్బు సమావేశంలో అధ్యక్షుడు గొంతు సవరించుకున్నప్పుడు ఆమె అడ్డు చెప్పలేదు.

"పెద్దాయనంటే నాకు అపార గౌరవం. గౌరవం ఉంది కాబట్టే విశ్రాంతి ఇద్దామంటున్నా. వచ్చే ఆదివారం కొత్త పద్ధతి చూద్దాం. తనిఖీలు, పరిశీలనలు ఉండవు. అన్నీ గుండ్రని టైములు. పెద్ద ఇంజన్లకి రెండో పందెం కూడా పెడదాం. చివర్లో నేను పది నిమిషాలు మాట్లాడతా. టైమ్‌టేబుల్ మన లెక్చరరమ్మే వేస్తుంది. అది సాఫీగా జరిగితే పెద్దాయన్ని చప్పట్లు కొట్టి ఇంటికి పంపుదాం. అదే క్రీడాస్ఫూర్తి."

మావయ్య జేబులోంచి నీలం పెన్సిల్ తీసి మేనకోడలి ముందు పెట్టి, గడియారం చూసుకుని, ఆరూ పన్నెండుకి లేచి వెళ్లిపోయాడు.

రెండు రోజుల తర్వాత అత్తయ్య ఫోన్ చేసింది. "ఆయన్ని నిజంగానే తీసేస్తున్నారా అమ్మా?"

"ఈ ఆదివారం బాగా జరిగితే తీసేస్తారు అత్తయ్యా."

"డిపో వదిలాక ఆయనకి మిగిలింది ఆ కాగితమొక్కటే. అదీ లాగేసుకున్నారనుకో, ఇంట్లో నాకు వేస్తాడు టైమ్‌టేబుల్. నిన్న అప్పుడే నా స్నానానికి సవరణ రాశాడు."

మేనకోడలి మనసు కాస్త చివుక్కుమంది. కానీ లెక్క లెక్కే. ఆమె కంప్యూటర్ ముందు కూర్చుని గంటలో ముగించింది. తొమ్మిది. రెండు. నాలుగు. నాలుగున్నరకి కొత్తవాళ్ల పందెం, పూర్తిగా పది చుట్లు. నాలుగూ యాభైకి అధ్యక్షుడి ప్రసంగం. అయిదింటికి తాళం. అద్దంలా ఉంది. మనుషులు మాత్రమే తక్కువ. ఆ సంగతి ఆమెకి ఆదివారం దాకా తెలియదు.

ఆదివారం సరిగ్గా తొమ్మిదింటికి చిన్న కార్లు బయల్దేరాయి. ఏడు రావాలి, ఆరే కదిలాయి. ఏడో కారు డ్రైవర్ లేకుండా షెడ్డులో నిలబడి ఉంది. తొమ్మిదీ నాలుగుకి ఆసుపత్రి చెప్పుల్తో పరుగెత్తుకుంటూ ఆ కారు నడిపే నర్సు వచ్చింది.

"మొదలైపోయిందా మేడమ్?"

"తొమ్మిదింటికే. కాగితం చూసుకోలేదా?"

"చూశానండి. నాది రాత్రి డ్యూటీ. ఎనిమిదికి అయిపోవాలి, నా తర్వాతి ఆవిడ వచ్చేదాకా కదలకూడదు. పర్లేదు, అందరికంటే వెనక నిలబడతా."

"మరి ఇన్నాళ్లూ ఎలా అందుకునేవారు?"

"ఎలాగో అందేదండి. మూడేళ్లుగా ప్రతిసారీ కారెక్కి బెల్టు పెట్టుకునేసరికి జెండా ఊపేవారు. నా అదృష్టం."

మేనకోడలు ఫిజిక్స్ మనిషి. వరసగా మూడేళ్లపాటు తొమ్మిదీ ఏడుకి తగిలే అదృష్టాన్ని ఆమె నమ్మలేదు. తల తిప్పి చూసింది. దూరంగా, ఏ పనీ లేకుండా, మావయ్య తన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఆకాశం పరిశీలిస్తున్నాడు.

మధ్యాహ్నం ఒంటిగంటా యాభై ఎనిమిదికి ఆయన ఆ కుర్చీ ఎక్కాడు.

పెద్ద ఇంజన్లన్నీ, వాటిలో అధ్యక్షుడిదీ, వరుసలో ఉన్నాయి. అధ్యక్షుడి అతిథులు ముందు వరుస కుర్చీల్లో కూర్చున్నారు. అధికారం లేని మనిషి విజిల్ ఊదాడు.

"జెండాల తనిఖీ. అందరూ ఆ చివరికి చూడాలి."

"మళ్లీనా? ఈయన్ని తీసేశారు కదయ్యా?"

"లెక్చరరమ్మా, మీ మావయ్యకి మీరన్నా చెప్పండి."

గొణుక్కుంటూనే జనం అటు తిరిగారు. అలవాటు అలాంటిది. ఆ చివర పళ్ల డాక్టరు కూడా, ఎవరు ఊదారని అడగకుండా, పసుపు జెండా ఎత్తాడు. మేనకోడలు మాత్రం విజిల్ లాక్కోవడానికి కోపంగా ఇటువైపు వస్తోంది. అందుకని, అందరూ చూడని వైపు చూసింది ఆమె ఒక్కతే.

అధ్యక్షుడు కారు దిగి, హెల్మెట్ చంకలో పెట్టుకుని, పాత టైర్ల గుట్ట వెనక్కి గబగబా నడుస్తున్నాడు. మొహం ఉతికిన గుడ్డలా ఉంది. గుట్ట వెనక నుంచి మనిషి కడుపు ఖాళీ చేసుకునే చప్పుడు వచ్చింది. ఎర్రజెండా ఊపేసరికి మళ్లీ ఒకసారి వచ్చింది. నీలం జెండా ఊపేసరికి ఆయన మూతి తుడుచుకుని, నోట్లో యాలక్కాయ వేసుకుని బయటికొచ్చాడు. వచ్చీ రాగానే అరిచాడు.

"ఎవడయ్యా ఈ తనిఖీ పెట్టింది? బుద్ధుందా? నా అతిథులు ఎంతసేపు కూర్చోవాలి?"

"జెండాలు బాగానే ఉన్నాయండి. మొదలుపెట్టుకోవచ్చు" అని మావయ్య కుర్చీ దిగాడు.

మేనకోడలు పక్కన నిలబడింది. విజిల్ లాక్కునే సంగతి మర్చిపోయింది. టైర్ల గుట్ట వైపు కళ్లతో చూపించి అడిగింది.

"ఎన్నాళ్లుగా?"

"నాలుగేళ్లు. నా పెన్సిల్ దొర్లిపోతే వెతుక్కుంటూ ఆ గుట్ట వెనక్కి వెళ్లా. ఇద్దరం ఎదురుపడ్డాం. ఆయన కళ్లు మూసుకుని ఉన్నాడు కాబట్టి, సరిగ్గా చెప్పాలంటే నేనొక్కణ్ణే ఎదురుపడ్డా. ప్రతి పందేనికీ ముందు అంతే, పాపం. భయం."

"నాలుగేళ్లుగా నిన్ను తిడుతున్నాడు."

"తిట్టడంతో కలిపే ఆరు నిమిషాలు వేశా."

"ఆ తొమ్మిదీ ఏడు ఏమిటో పొద్దున్న తెలిసింది. నాలుగూ ఇరవై నాలుగు దగ్గర పదిహేడు నిమిషాలు ఎవరికి?"

మావయ్య, నీలం పెన్సిల్ ఆమె దగ్గరుందని మర్చిపోయి, జేబు తడుముకున్నాడు. "నాలుగింటికి నువ్వే చూస్తావుగా."

పాత కార్ల పందెం ఆరు నిమిషాలు ఆలస్యంగా నాలుగూ ఆరుకి మొదలైంది. అందులో రేడియేటర్లు బాగుచేసే మెకానిక్ ఉన్నాడు. అతని శరీరం కారుకి ఒక సైజు ఎక్కువ. ఎనిమిదేళ్లలో అతను ఎన్నడూ మొదటి అయిదుగురిలో రాలేదు. ఈసారి ఏడో చుట్టుకి మూడో స్థానంలో ఉన్నాడు. షెడ్డు దగ్గర అతని కూతురు పానాలు వరసగా నేలమీద పేర్చుకుంటోంది. చేతిలో చిన్న పలక ఉంది. దాని మీద సుద్దతో 'వచ్చెయ్' అని రాసి ఉంది.

"ఏమిటిది?" అంది మేనకోడలు.

"మా ఇద్దరికీ కారు ఒకటే అక్కా. నాన్న పందెం అయ్యాక సీటు బోల్టులు విప్పి ముందుకు జరపాలి. లేకపోతే నా కాళ్లు అందవు. బెల్టులు పొట్టిచెయ్యాలి, రేడియేటర్ చల్లారాలి. కొత్త కాగితంలో పది నిమిషాలే ఉన్నాయి కదా. రెండు చుట్లు ముందే ఆపేస్తానన్నాడు."

"మూడో స్థానంలో ఉన్నాడు."

"తెలుసక్కా. పొద్దున్నే అనేసుకున్నాం."

"మొత్తం ఎంత టైము పడుతుంది మీకు?"

"ఎప్పుడూ చూసుకోలేదక్కా. ఎప్పుడూ సరిపోయేది."

మేనకోడలు చూడకుండానే చెప్పగలదు. తిన్నగా మావయ్య దగ్గరికి నడిచి, ఆయన మెడలోని విజిల్ తీసుకుని, ఆ ప్లాస్టిక్ కుర్చీ ఎక్కింది.

"ఈ పందెం తర్వాత ట్రాక్ పరిశీలన. పదిహేడు నిమిషాలు."

షెడ్డులన్నీ ఒక్కసారి మూలిగాయి. మెకానిక్ కూతురు ఎత్తబోయిన పలక దించేసింది. మెకానిక్ కూతురి వైపు చూసి, పలక కనపడక, అదే ఊపులో ముందుకెళ్లిపోయాడు.

అధ్యక్షుడు చేతిగడియారం చూపిస్తూ వచ్చాడు. "నువ్వు కూడానా అమ్మా? చదువుకున్నదానివి. ట్రాక్ మీద ఏముందని?"

"లేదని తేలాలి కదండీ."

ఆమె మావయ్య పాత కారు తనే నడిపింది. ఆయన పక్క సీట్లో కూర్చున్నాడు. మూడో మలుపులో కారు ఆపి, దిగి, ఒక ఎండుటాకు తీసి, అందరికీ కనిపించేలా ఎత్తి చూపించి పక్కన పడేసింది. దూరం నుంచి ఎవరో ఏదో అన్నారు. గాలి వల్ల వినపడలేదు. అది వాళ్ల అదృష్టం.

"ఇరవై వేస్తే వాళ్లకి ఇంకా తీరిగ్గా ఉండేది కదా మావయ్యా? పదిహేడెందుకు?"

"ఇరవై వేస్తే ఎవరికోసమని అడుగుతారు. పదిహేడు వేస్తే నా పిచ్చి అనుకుంటారు."

మేనకోడలు గేరు మార్చడం మర్చిపోయింది.

"చెప్పేస్తే సరిపోయేది కదా?"

"చెబితే ఆ మెకానిక్ అర్జీ పెట్టుకోవాలి. కమిటీ కూర్చోవాలి. మీ అధ్యక్షుడు దయ తలచి పది నిమిషాలు మాట్లాడాలి. ఆ అమ్మాయి ప్రతి నెలా దండం పెట్టాలి. నిమిషాలైతే వాళ్లకి తెలీకుండా వాళ్లవైపోతాయి."

"ఆ నిమిషాలన్నీ నా పందెంలోంచి తీశావు."

"ఇంకెవరి దగ్గర తీస్తే ఊరుకుంటారు?"

"నన్నడిగావా?"

"అడిగితే ఇచ్చేదానివి. ఇచ్చానని ఊరంతా చెప్పుకునేదానివి."

ఆమెకి కోపం రావాల్సింది. ఆలోచిస్తే నిజమే అనిపించి మానుకుంది. "ఇంకో చుట్టు తిరుగుదామా?" అంది.

"అక్కర్లేదు. సీటు బిగించేసి ఉంటారు."

కొత్తవాళ్ల పందెం నాలుగూ నలభై మూడుకి మొదలై ఎనిమిది చుట్లు సాగింది. మెకానిక్ కూతురు మేనకోడల్ని చివరి మలుపులో దాటేసి రెండోదిగా వచ్చింది. మేనకోడలు మూడోది. మెకానిక్ అప్పటికే తన మూడో స్థానం సంగతి షెడ్డుషెడ్డుకీ వెళ్లి రెండోసారి చెబుతున్నాడు. ఆఖరి కారు ఆగేసరికి కాపలాదారు తాళం పట్టుకుని నిలబడి ఉన్నాడు. అధ్యక్షుడి ప్రసంగం కాగితంలోనే ఉండిపోయింది. ఆ నష్టం గురించి ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు.

మర్నాడు సాయంత్రం సమావేశంలో మేనకోడలే లేచి తన టైమ్‌టేబుల్ విఫలమైందని చెప్పింది. నీలం పెన్సిల్ మావయ్య ముందు పెట్టింది. కోశాధికారి ఆ తనిఖీల గొడవన్నా తీసేద్దామన్నాడు. ఎవరూ ఊహించని విధంగా అధ్యక్షుడు అడ్డుపడ్డాడు.

"ట్రాక్ సంగతి నాకు తెలీదు. జెండాల తనిఖీ మాత్రం ఉండాలి. భద్రత విషయంలో రాజీ కుదరదు. అది..." అని ఆగాడు. మావయ్య వైపు చూడబోయి బల్ల వైపు చూశాడు.

"క్రీడాస్ఫూర్తి" అని మావయ్య అందించాడు.

తర్వాతి ఆదివారం పందేలు లేవు. మేనకోడలు పన్నెండున్నరకి వెళ్లి, ఈసారి గేటు వైపు కాకుండా పెరటి తలుపు తోసుకుని వంటింట్లోకి నడిచింది. అత్తయ్య పొయ్యి ముందు నిలబడి, కూరలో నిమ్మకాయ పిండుతూ, ఉప్పు డబ్బా కోసం తడుముకుంటోంది. ఆమెని చూసి ఉలిక్కిపడింది.

"నువ్వా? భయపెట్టావే. ష్, గట్టిగా మాట్లాడకు. ఆయన వంట నోట్లో పెట్టుకోలేం అమ్మా, ఏనాడూ ఉప్పు సరిపోదు. దేవుడి దయవల్ల వంటయ్యాక రోడ్డు చూడ్డానికి వెళ్తాడు, ఆ సందులో నేను సరిచేసేస్తా. ముప్ఫై ఏడేళ్లుగా ఇదే. పాపం, తన చేతి మహిమే అనుకుంటాడు. నువ్వు చెప్పకు."

మేనకోడలు చెప్పనని ఒట్టేసి, మళ్లీ పెరటి దారినే బయటపడి, చుట్టూ తిరిగి గేటు దగ్గరికి వచ్చింది. మావయ్య చేతులు వెనక్కి కట్టుకుని రోడ్డుకి కాపలా కాస్తున్నాడు. తల తిప్పలేదు.

"అత్తయ్య ఉప్పు వేసిందా?"

ఆమె గడియారం చూసుకుంది. పన్నెండూ ముప్ఫై ఎనిమిది.

"ఇంకా మూడు నిమిషాలుంది మావయ్యా" అని, గోడ నీడలోకి జరిగి, ఆయన పక్కనే నిలబడి రోడ్డు చూడటం మొదలుపెట్టింది.